ఇంజను ముందరి చిన్న చక్రము

మోటారు కారు మూత యెత్తి చూచినప్పుడు మన కన్నులు పెద్ద వస్తువుల మీదనే పడును. ఇంజను ముందరి కొనయందు, ఫ్యాను బెల్టును త్రిప్పుచు, జానెడు వెడల్పు గల చక్రమొకటి యుండును. దానిని చూచినవారు కేవలము పుల్లీ యని తలంతురు. కాని పెక్కు ఇంజనులలో హార్మోనిక్ బ్యాలన్సరు అను సాధనము దానియందే యిమిడి యున్నది. పాత కారు ఇంజనును విప్పి మరల కట్టించువారు ఈ చక్రమును ఎట్లు ఎన్నుకొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

మహబూబునగరమున నా మిత్రుడొకడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, తన తండ్రి నాటి ఆరు సిలిండర్ల కారును రెండేండ్లు శ్రమపడి బాగుచేయించెను. దేవరకొండ దాపున నున్న పుట్టినింటికి తన వృద్ధమాతను ఆ కారులోనే తీసికొనిపోవలెనని యాతని కోరిక. పిస్టనులు, బేరింగులు అన్నియు క్రొత్తవి వేయించెను. పాత బ్యాలన్సరు చెడియుండుటచే మేస్త్రీ వేరొక ఇంజనుది తెచ్చి బిగించి, "సరిగ్గ కూసున్నది సారూ, ఇంకేం గావాలె?" అనెను. కొన్ని వారములు కారు చక్కగా నడచెను. ఒకానొక వేగమునందు మాత్రము ఇంజను ముందుభాగమున గలగల వినవచ్చి, ఆ వేగము దాటగానే అణగిపోవుచుండెను. దానిని ఎవరును లక్ష్యపెట్టలేదు. కల్వకుర్తి దాటిన తరువాత క్రాంకు షాఫ్టు రెండుగా విరిగెను. ఆ ముదుసలి వేపచెట్టు నీడను రెండు గంటలు కూర్చుండి, తుదకు ఆటోలో పుట్టినిల్లు చేరెను.

ఉక్కు కడ్డీ యేల విరిగెను? సిలిండరులో ఇంధనము మండినపుడెల్ల పిస్టను క్రాంకు షాఫ్టును ఒక దెబ్బ కొట్టును. ఆ దెబ్బకు షాఫ్టు తిరుగుటయే గాక, తడిబట్టను పిండినట్లు రవంత మెలిదిరిగి, మరల సరియగును. ఆరు సిలిండర్ల నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక చుట్టునకు మూడు దెబ్బలు పడును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు క్షణమునకు 150 దెబ్బలన్నమాట. ఉయ్యాలకు తన ఊపు తనకున్నట్లే ప్రతి షాఫ్టునకును స్వాభావికమైన కంపనవేగము గలదు. ఉయ్యాల వెనుకకు వచ్చిన ప్రతిసారియు సరిగా ఆ క్షణముననే త్రోసినచో, పసిపిల్ల చేయియైనను దానిని ఎత్తునకు లేపగలదు. అట్లే దెబ్బల లయ షాఫ్టు కంపన లయతో కలిసినప్పుడు మెలిక అంతకంతకు పెరుగును. వెనుక కొనను బరువైన ఫ్లైవీలు పట్టియుంచును గావున ముందరి కొనయే మిక్కిలి అల్లాడును. నా మిత్రుడు వినిన గలగల ఇదియే. విరిగిన షాఫ్టును పరిశీలింపగా చీలిక ఏటవాలుగా నుండెను. మెలికచే అలసిన లోహము తరచుగా అట్లే చీలును.

ఈ యాపద క్రొత్తది గాదు. గత శతాబ్ది తొలి దశకములలో ఆరు సిలిండర్ల ఇంజనులు వెలువడినప్పుడు, వాని పొడవైన షాఫ్టులు ఇట్లే కంపించి విరుగుట చూచి, ఇంగ్లండులో హెన్రీ రాయిస్, ఫ్రెడరిక్ లాంచెస్టరు మున్నగువారు నివారణోపాయములు వెదకిరి. 1890లో మన పాలమూరునకు ఎవరి పేరు పెట్టబడెనో, ఆ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి తెప్పించిన రోల్సు రాయిస్ సిల్వర్ ఘోస్టు ఆ రాయిస్ ఆరు సిలిండర్ల బండ్లలోనిదే. నిజాము 1911లో గతించినందున అది వచ్చుట చూడలేదు. నేడు హైదరాబాదు చౌమహల్లా భవనమున దానిని మీరు చూడవచ్చును.

ఉపాయము సులభముగనే బోధపడును. మన యిండ్లలోని ఇసుర్రాయిని తలచుకొనుడు. బరువైన పైరాయి ఒకసారి తిరుగ నారంభించిన పిమ్మట చేతి తడబాటును లెక్కచేయదు. బ్యాలన్సరులో నడుమ చక్రము షాఫ్టునకు బిగిసియుండును. దాని చుట్టు బరువైన యినుప వలయము, రెంటి మధ్య రబ్బరు పట్టీ యుండును. షాఫ్టు ఇటునటు మెలిదిరుగునప్పుడు వలయము వెనుకాడును. నడుమ రబ్బరు నలిగి, కంపనశక్తిని వేడిగా మార్చివేయును. కొన్నిటిలో రబ్బరునకు బదులు చిక్కని సిలికాన్ ద్రవముండును. ఇంకొన్నిటిలో స్ప్రింగులచే ఒత్తబడిన రాపిడి పలకలుండును.

కావున ఎన్నుకొనుటలో మొదటి సూత్రము: షాఫ్టుపై ఇమిడినంత మాత్రమున అది తగినది కాదు. వలయపు బరువును, రబ్బరు గట్టిదనమును ఒక్కొక్క ఇంజను షాఫ్టును బట్టి కుదుర్చుదురు. అందుచే ఇంజను సంఖ్య, తయారైన సంవత్సరము, స్ట్రోకు కొలత వ్రాసికొని వానికి సరిపడు దానినే అడుగవలెను. రెండవది: కొన్ని ఇంజనులలో షాఫ్టు సమతూకము కొరకు ఈ చక్రమునకు ఒకవైపున అదనపు బరువు చేర్చబడి యుండును. అట్టిదానికి బదులు సమమైన చక్రము వేసినను, సమమైనదానికి బదులు అట్టిది వేసినను ఇంజను వణకును. మూడవది: బరువు తగ్గుననియో, చూడ సొంపుగా నుండుననియో, వలయము లేని గట్టి పుల్లీని బ్యాలన్సరు స్థానమున వేయరాదు. నాలుగవది: స్ట్రోకు మార్చక, సాధారణ వేగముతో నడుపు బండికి మొదటి తరహా రబ్బరు చక్రమే చాలును. మిక్కిలి వేగముగా తిప్పదలచిన ఇంజనునకు ద్రవము గలది మేలు, ఏలయన అది ఒక్క వేగమునకే గాక పెక్కు వేగములకు పనిచేయును.

పాతదానిని ఉంచుకొనదలచినచో రబ్బరును పరీక్షింపుడు. పగుళ్లుగాని, ఉబ్బుగాని, వలయము ముందు వెనుకలకు జరిగిన జాడగాని యున్న యెడల అది పనికిరాదు. నడుమ చక్రము నుండి వలయము వరకు సుద్దతో ఒక గీత గీచి, ఇంజనును కొంతసేపు నడిపి చూడుడు. గీత రెండుగా విడిపోయినచో రబ్బరు పట్టు సడలినదని అర్థము. వలయము మీద ఇగ్నిషను గుర్తు గల ఇంజనులలో అట్టి జారుట వలన ఆ గుర్తును తప్పు చెప్పును. క్రొత్తది దొరకని యరుదైన బండ్లకు పాత యినుపభాగముల నడుమ క్రొత్త రబ్బరు పోయించుకొనవచ్చును.

బిగించునప్పుడు సుత్తెతో కొట్టరాదు. దెబ్బకు రబ్బరును, షాఫ్టు బేరింగును చెడును. తీయుటకు పుల్లరును, ఎక్కించుటకు బోల్టు గల సాధనమును వాడవలెను. చక్రపు నడిమి రంధ్రమును మైక్రోమీటరుతో కొలిచి, వదులుగా నున్నచో తిరస్కరింపవలెను. ఆయిలు సీలు ఒరసి గాడి పడియుండిన దానిపై తొడుగు వేయించవలెను.

నా మిత్రుడు మరల షాఫ్టు సంపాదించి, ఈ మారు ఇంజను సంఖ్య చేతబట్టుకొని బ్యాలన్సరును వెదకెను. అది దొరకుటకు ఆరు నెలలు పట్టెను. గడచిన చలికాలమున ఆతని తల్లి ఆ కారులోనే దేవరకొండ దారి పట్టెను. కల్వకుర్తి దాటిన తరువాత ఆమె ఆ వేపచెట్టును గుర్తించి బండి ఆపుమనెను. ఇంజను ఆపకుండ కాసేపు నిలిచిరి. గలగల లేదు.