మాట రాని బిడ్డకు పంటినొప్పి వస్తే..

కోయంబత్తూరు పీలమేడులోనైనా, మదురైలో తిరుమల నాయకుని మహలు చుట్టుపక్కలైనా మన పెద్దలు తరచూ అనే మాట: ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’. వైకల్యమున్న బిడ్డ విషయంలో ఈ ధీమా పనికిరాదు. పుచ్చిన పాలపన్నుకు చీము పడితే కింద పెరుగుతున్న పన్నుకూ చేటే. కుదురుగా నోరు తెరవలేని బిడ్డకు చిన్న చికిత్సకైనా మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పైగా ఆరో ఏట వెనకవైపు మొలిచే దవడపన్ను పాలపన్ను కాదు, అది మళ్లీ రాదు.

వీరికే ముప్పు ఎక్కువ

సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు మెతుకులు బుగ్గలోనే నిలిచిపోతుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉంటే చిగుళ్ల జబ్బు చిన్న వయసులోనే రావచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. అలాగని డాక్టరును అడగకుండా మందు మానకూడదు. తియ్యటి సిరప్ తాగించాక నోరు కడగాలి.

మొండితనం కాకపోవచ్చు

ఉన్నట్టుండి అన్నం వద్దన్నా, ఒకవైపే నమిలినా, చెంపపై కొట్టుకున్నా, రాత్రి నిద్రపోకపోయినా ముందు నోరు చూడాలి.

రెండు భాషల్లో నేర్పుదాం

ఇంట్లో ‘పన్ను నొప్పి’ అని నేర్చుకున్న బిడ్డను ఆస్పత్రిలో ‘పల్లు వలిక్కుదా?’ అని అడుగుతారు. తమిళంలో ‘ఈరు’ అంటే చిగురు, మనకేమో తలలోని పేనుగుడ్డు. అందుకే తెలుగు తరగతిలోనే రెండు మాటలూ నేర్పాలి. మాట రాని బిడ్డ వేలితో చూపడానికి పన్ను బొమ్మ, ఏడుపు ముఖం గీసిన అట్ట చాలు.

ఇంట్లో చేయాల్సింది

బిడ్డ తలను మన ఎదకు ఆనించుకుని, వెనక నిలబడి పొద్దున, రాత్రి మనమే తోమాలి. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్లలోపు బియ్యపుగింజంత, తర్వాత బఠానీగింజంత సరిపోతుంది. బిడ్డ బెదిరితే తొలిరోజుల్లో బ్రష్షును పెదవికి తాకించి ఆపేద్దాం.

మదురై రాజాజీ ప్రభుత్వాస్పత్రిలో, కోయంబత్తూరు వైద్య కళాశాల ఆస్పత్రిలో దంత విభాగాలున్నాయి. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వారికి నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ బీమా ఏడాదికి రూ.1 లక్ష వరకు వర్తిస్తుంది. పళ్లు పాడవకుండా చేసే చికిత్సకూ అందులో చోటుంది. వైకల్య ధ్రువపత్రం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి మన బడుల్లోని ఉపాధ్యాయులే చెప్పాలి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు.