ఆ వయల్ మందు కాదు
కిందటి నెల మా ఎలమంచిలి ఆసుపత్రిలో ఓపీ ముగిసే వేళకు ఓ యువకుడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మకు అండాశయ క్యాన్సర్. బయాప్సీ రిపోర్టులో ‘పి53 పాజిటివ్’ అని ఉంది. అదేమిటని నెట్‌లో వెతికితే క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్ అని తెలిసింది. ఇంకాస్త వెతికితే ‘రీకాంబినెంట్ హ్యూమన్ పి53’ పేరుతో చిన్న వయల్ అమ్మకానికి కనిపించింది.

‘‘సార్, ఎంతయినా పర్లేదు. ఇది తెప్పించి అమ్మకి ఇంజెక్షన్ చేయించొచ్చా? అంతవరకు కీమో ఆపుదామనుకుంటున్నాం’’ అన్నాడు.

ఆ చివరి మాటకే నాకు భయమేసింది.

నెట్‌లో చదువుకుని డాక్టర్ దగ్గరకు రావడం తప్పేం కాదు. అతను చదివింది కూడా చాలావరకు నిజమే. మన కణాల్లో డీఎన్‌ఏకు అతుక్కుని, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. 1979లో కనుగొన్న పి53 వాటిలో ఒకటి. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు పి53 అణువులు నాలుగేసి జట్టుకట్టి, డీఎన్‌ఏ మీద తమకు కేటాయించిన చోట కూర్చుంటాయి. కణ విభజనను ఆపించి మరమ్మతుకు సమయమిస్తాయి. ఇక బాగుపడదనుకుంటే ఆ కణం చనిపోయేలా చేస్తాయి. మనుషులకొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పి53 జన్యువే చెడిపోయి ఉంటుంది.

రిపోర్టుతోనే వస్తుంది తిరకాసు. ‘పాజిటివ్’ అంటే మంచి ప్రొటీన్ దండిగా ఉందని కాదు. మామూలు పి53 త్వరగా కరిగిపోతుంది. చెడిన పి53 కణంలో పేరుకుపోతుంది, అందుకే పరీక్షలో రంగు గాఢంగా పడుతుంది. కొందరిలో రంగు బొత్తిగా పడకపోవడమూ చెడిందనడానికి గుర్తే. అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకంలో దాదాపు అందరికీ పి53 చెడే ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క మాట చూసి కొత్తగా బెంబేలెత్తనక్కర్లేదు.

ఇక ఆ వయల్ సంగతి. మనిషి జన్యువును బ్యాక్టీరియాలోనో, కీటకాల కణాల్లోనో పెట్టి, ప్రొటీన్ తయారుచేయించి శుద్ధి చేస్తారు. మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. పరిశోధకులు దాన్ని చిన్న డీఎన్‌ఏ ముక్కతో కలిపి, జెల్‌లో ఉంచి కరెంటు పెడతారు. ప్రొటీన్ అతుక్కున్న ముక్క నెమ్మదిగా కదులుతుంది, అతుక్కోనిది ముందుకు పోతుంది. కొత్త మందులు వెతికేవారికి ఇది చాలా అవసరమైన పరీక్ష. ఆ వయల్ పని అక్కడితో సరి.

ఒంట్లోకి ఎక్కిస్తే? పి53 పనిచేయాల్సింది కణ కేంద్రకంలో. రక్తంలో వేసిన అంత పెద్ద ప్రొటీన్ తనంతట తాను అక్కడికి చేరలేదు. పైగా బ్యాక్టీరియా విషాల అవశేషాలు మిగిలితే జ్వరం, షాక్ రావచ్చు. మనుషుల కోసం చేసే భద్రతా పరీక్షలేవీ దానికి జరిగి ఉండవు. లేబుల్ మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసేది అందుకే.

‘‘మరి మా నాన్న వేసుకునే ఇన్సులిన్?’’ అన్నాడు. మంచి ప్రశ్నే! 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ ఇదే పద్ధతిలో తయారైంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా అంతే, దాన్ని ఈస్ట్ కణాల్లో చేశారు. కానీ ఇన్సులిన్ కణం పైనున్న గ్రాహకాన్ని తాకితే చాలు. టీకాలోని ప్రొటీన్‌ను మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపడితే చాలు. రెండింటినీ ముందు మనుషుల్లో పరీక్షించారు, ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించే వదులుతారు. పి53ని చికిత్సగా మలిచే ప్రయత్నాలూ జరిగాయి. తల, మెడ క్యాన్సర్లకు చైనా 2003లో అనుమతించింది ప్రొటీన్‌ను కాదు, వైరస్ ద్వారా కణంలోకి పంపే జన్యువును.

‘‘బాబూ, కీమో ఒక్క వారం కూడా వాయిదా వేయొద్దు’’ అన్నాను. అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్, ప్లాటినం మందులతో కీమో బాగా నిలబడిన చికిత్సలు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరే. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో కూడా అక్కడ కనుక్కోమన్నాను.

అంత డబ్బు పెట్టాలనుంటే అడగాల్సిన పరీక్ష వేరే ఉంది: బీఆర్‌సీఏ. ఆ జన్యువుల్లో లోపముంటే తర్వాత వాడే కొన్ని మాత్రలు బాగా పనిచేస్తాయి. అది పుట్టుకతో వచ్చిన లోపమైతే పిల్లలకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. అందుకే ‘‘అక్కచెల్లెళ్లున్నారా?’’ అని అడిగాను.

అక్క అనకాపల్లిలో ఉందట. అమ్మ రిపోర్టు రాగానే ఆమెనూ వెంటబెట్టుకు రమ్మన్నాను.