జొన్నరొట్టెలోని పీచు ఏం చేస్తుంది?

మెదక్‌లో జొన్నరొట్టె అందరికీ తెలిసిన తిండే. ఆ రొట్టెలో మనకు అరగని భాగం ఒకటుంది. అదే పీచు. అరగనిదానితో లాభమేమిటి?

ముందు కాలేయం సంగతి చూడాలి. తిండి, నీళ్ల వెంట ఒంట్లో చేరే రసాయనాల్లో కొన్నింటిని అది పైత్యరసంలో కలిపి పేగులోకి వదులుతుంది. అక్కడితో పీడ విరగడైతే బాగుండేది! కానీ పైత్యరసంలోని ఆమ్లాల్లో చాలా భాగాన్ని పేగు మళ్లీ పీల్చుకుని కాలేయానికే పంపుతుంది. వాటితోపాటు కొన్ని రసాయనాలూ తిరిగొస్తాయి. పీచు అడ్డుపడేది ఇక్కడే. కొన్ని రకాల పీచు నీటిలో జిగురుగా మారి, ఆ ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది.

1968లో జపాన్‌లో పీసీబీలనే రసాయనాలు కలిసిన తవుడు నూనె తిని వందలాది మంది జబ్బుపడ్డారు. ఆ విషాన్ని వెళ్లగొట్టడానికి పరిశోధకులు తర్వాత తవుడులోని పీచునే వాడి చూశారు. ఫలితం కొంత కనిపించింది, కానీ పూర్తి విరుగుడు కాలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. కందిపప్పు, ఆకుకూరలూ తోడైతే మరీ మంచిది.

అయితే పీచు ఉందిగదా అని నీళ్లను పాడుచేసుకోకూడదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో చెడిన నక్కవాగు మన మంజీర నదిలోనే కలుస్తుంది. రొట్టె తినండి, వాగునూ కాపాడండి.