హీరో నుంచి వెనక్కి... కాదు, ముందుకే!

2020 అక్టోబర్. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో పరవాడలో మా ఇంట్లోనే ఉన్నా. ఓ రాత్రి ఆహాలో ‘కలర్ ఫొటో’ పెట్టా. పోలీసు రామరాజుగా సునీల్‌ని చూసి అమ్మ బిత్తరపోయింది. ‘‘నవ్వించేవోడు ఇలా భయపెడతన్నాడేట్రా?’’

నాకు ఆ మాట ఇంకోలా తగిలింది. అప్పటికి రెండు నెలల క్రితమే టీమ్ లీడ్ నుంచి మళ్లీ మామూలు డెవలపర్‌ని అయ్యా. ఇంట్లో చెప్పలేదు. సిగ్గు!

సునీల్‌దీ అలాంటి కథే. భీమవరం కుర్రాడు. 2000లో ‘నువ్వే కావాలి’తో గుర్తింపు వచ్చింది. తర్వాత అతను తెరమీద కనిపిస్తే చాలు, హాల్లో నవ్వులే. 2006లో ‘అందాల రాముడు’తో హీరో అయ్యాడు. 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’ పెద్ద హిట్. 2012లో ‘పూలరంగడు’ కోసం సిక్స్‌ప్యాక్ కూడా చేశాడు.

ఆ తర్వాతే జారుడు మొదలైంది. ‘కృష్ణాష్టమి’, ‘జక్కన్న’, ‘ఉంగరాల రాంబాబు’... ఏదీ నిలబెట్టలేదు.

పోస్టర్ మీద సోలోగా నిలబడ్డవాడికి మళ్లీ పక్క పాత్ర అంటే చిన్న విషయమా? సునీల్ చేశాడు. 2018లో ‘అరవింద సమేత’లో ఎన్టీఆర్ పక్కన కనిపించాడు. ఆ దారిలోనే రామరాజు దొరికాడు. 2021లో ‘పుష్ప’ మంగళం శ్రీను, 2023లో రజనీకాంత్ ‘జైలర్’ వచ్చాయి. హీరోగానే ఉండిపోవాలని పట్టుబడితే ఇవన్నీ వచ్చేవా?

సినిమా అయ్యాక అమ్మకి నా సంగతి చెప్పేశా.

‘‘జీతం వత్తంది గదా, తిను ముందు’’ అంది.