వెంట్రుకవాసి కవచం

కొత్త లారీ ఇంటిముందుకు వచ్చిన రోజు ఏ ఊరిలోనైనా పండుగే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు ఇళ్ళలోనూ అంతే. బంపరుకు బంతిపూల దండ కడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. అద్దానికి పసుపు, కుంకుమ అద్ది కొబ్బరికాయ కొడతారు. హారతి కళ్ళకు అద్దుకున్న తరువాత యజమాని ఇచ్చే మొదటి ఆజ్ఞ తరచుగా ఒకటే: “బండికి పాలిష్ పట్టించండి!”

అనుభవం గల పెయింటరు మేస్త్రి అప్పుడు తల అడ్డంగా ఊపుతాడు. “క్యాబిన్‌కు పట్టించండి బాబూ, వద్దనను. వెనుక బాడీకి మాత్రం రెండు మూడు నెలలు ఆగండి. రంగు ఇంకా పచ్చిగా ఉన్నది.”

యజమానికి ఇది వింతగా తోచడం సహజం. వేలితో తాకితే అంటుకోని రంగు పచ్చిగా ఉండడమేమిటి? ఒకే బండిలో ముందు భాగానికి ఒక న్యాయం, వెనుక భాగానికి మరొక న్యాయమా? అయితే మేస్త్రి మాటలో చాదస్తం లేదు, గట్టి రసాయన శాస్త్రమే ఉన్నది. బ్యాంకు అప్పుతో కొన్న బండి వాయిదాలు తీరేవరకైనా నిగనిగలాడుతూ తిరగాలనుకునే ప్రతివాడూ తెలుసుకోదగిన శాస్త్రమది.

బిలాస్‌పూర్ రైలు పెంచిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు ప్రధాన మార్గాన్ని 1891 నాటికి పూర్తిచేసింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కటకం నుంచి వాల్తేరు వరకు గల మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు ఖరగ్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ కొలువులకు తరలివచ్చి స్థిరపడ్డారు. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం ఈ ఊరే. కోర్బా గనులతో సహా ఆ ప్రాంతపు బొగ్గును తవ్వి తీసే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ కార్యాలయం కూడా ఇక్కడే ఉన్నది. బొగ్గు ఉన్న చోట వ్యాగన్లు ఉంటాయి, వ్యాగన్లు పోలేని చోటికి లారీలు పోతాయి. ఆ లారీల ఒంటిమీది రంగుకు ఈ ఊరి గాలి పెట్టే పరీక్ష సామాన్యమైనది కాదు.

ముందుగా ఆ రెండు న్యాయాల సంగతి చూద్దాం. మన దేశంలో లారీ కొనడమంటే చిరకాలం ఛాసిస్ కొనడమే. ఇంజనూ, చట్రమూ, చక్రాలూ కర్మాగారం నుంచి వచ్చేవి. సరుకు మోసే బాడీని యజమాని తనకు నచ్చిన షెడ్డులో కట్టించుకునేవాడు. నేడు పూర్తిగా తయారైన బండ్లు కూడా వస్తున్నాయి. కానీ క్యాబిన్ కర్మాగారంలోనూ, బాడీ షెడ్డులోనూ తయారయ్యే పద్ధతి ఇంకా పోలేదు. అటువంటి లారీ ఒంటిమీద రెండు రంగులు ఉంటాయి. చూపునకు రెండూ ఒకటే, పుట్టుక మాత్రం వేరు.

కర్మాగారంలో క్యాబిన్ రేకును కడిగి, ఫాస్ఫేటు పూత పట్టించి, రంగు తొట్టిలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. చేయి చొరని మూలలలోనికి కూడా ఆ పూత చేరుతుంది. ఆ పైన మరి కొన్ని పూతలు వేసి 140 డిగ్రీల సెంటిగ్రేడుకు అటూ ఇటూగా వేడి ఉండే పొయ్యిగదిలో కాలుస్తారు. కుండ ఆవములో కాలినట్లే రంగు అక్కడ కాలి గట్టిపడుతుంది. అది బయటికి వచ్చేసరికే పండిపోయిన రంగు. దానికి మొదటి రోజునే మైనం పూసినా దోషం లేదు.

షెడ్డులో వేసే సింథటిక్ ఎనామిల్ కథ వేరు. గన్‌తో చిమ్మిన కొన్ని గంటలలో అందులోని థిన్నరు చాలావరకు ఆవిరై పైపొర అంటుకోకుండా తయారవుతుంది. యజమాని దీనినే ఆరడమనుకుంటాడు. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ రంగులోని నూనె అంశం గాలిలోని ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ, అణువుకు అణువు ముడిపడి, వల అల్లినట్లు బిగుసుకుంటుంది. లోపల చిక్కుకున్న థిన్నరు కూడా అదే సమయంలో మెల్లగా వెలికి వస్తూ ఉంటుంది. దీనికి వారాలు పడుతుంది, పొర మందంగా ఉంటే నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో దానిపై మైనం పూయడమంటే శ్వాస పీల్చే ముక్కును మూసివేయడమే. లోపలి ఆవిరి బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. రంగు మెత్తగానే ఉండిపోతుంది. కాంతి మాసిపోవడం, సన్నని పొక్కులు లేవడం కూడా కద్దు. పూజనాడు అద్దిన పసుపు మరక అటువంటి పచ్చి రంగులో ఇంకి, ఎన్నాళ్ళకూ వదలకపోవడానికి కారణం ఇదే. బొట్టు అద్దానికి పెట్టడమే క్షేమం.

ఇటీవల షెడ్లలో గట్టిపరచే ద్రావకాన్ని కలిపి వేసే పీయూ రంగులు కూడా వాడుకలోకి వచ్చాయి. ఇవి ఎనామిల్ కంటే చాలా త్వరగా పండుతాయి. అయినా డబ్బాపై రాసిన గడువును మన్నించి తీరాలి. ఒక నెల ఆగితే పోయేది ఏమీ లేదు.

పెయింటర్లు నేటికీ గన్‌తో కొట్టే మెరుపు రంగును డ్యూకో అంటారు. ఈ మాట వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజులలో వాటికి గుర్రపు బండ్లకు వేసే వార్నిష్ రంగులనే పొర తరువాత పొరగా వేసి ఆరబెట్టేవారు. ఒక్క కారు రంగు పూర్తికావడానికి వారాల తరబడి పట్టేది. అమెరికాలో తుపాకి మందు తయారీతో పేరు పొందిన డ్యూపాంట్ సంస్థ, ఆ మందుకు దగ్గరి చుట్టమైన నైట్రోసెల్యులోజ్‌తో త్వరగా ఆరే లక్కరంగును తయారుచేసి దానికి డ్యూకో అని పేరు పెట్టింది. 1924 మోడలు ఓక్లాండ్ కారు ఆ రంగుతోనే బజారులోకి వచ్చింది. వారాల పని గంటలలోకి దిగింది. పేరు మాత్రం ఆ రంగును దాటి పోయి, లోకంలోని షెడ్లన్నింటిలో సామాన్య నామమై కూర్చున్నది.

లక్కరంగు అన్న మాట ఊరకే రాలేదు. ఆ రకపు రంగులను పాశ్చాత్యులు పిలిచే లాకర్ అన్న పేరు మన లక్క నుంచి, దాని మూలమైన లాక్ష నుంచి పుట్టినదే. దేశంలో లక్క విశేషంగా పండే ప్రాంతాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై చేరిన చిన్న పురుగు తన రక్షణ కోసం స్రవించే జిగురే లక్క. దానిని పరిశోధించడానికి రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థను స్థాపించారు. డ్యూకో కారు బజారుకెక్కిన కాలమూ అదే కావడం చిత్రమైన కాకతాళీయం. ఏటికొప్పాక బొమ్మను చేతిలోకి తీసుకుని చూచిన తెలుగువానికి లక్క మెరుపు ఎంత మన్నికైనదో వేరే చెప్పనవసరం లేదు. అంకుడు కర్ర తరిణెపై తిరుగుతుండగా రాపిడి వేడికి కరిగి కర్రను పట్టుకున్న లక్క, తరాలు గడిచినా చెదరదు. పురుగు తన ఒంటికి కప్పుకున్న కవచాన్ని మనిషి అడిగి పుచ్చుకున్నాడన్నమాట. అడిగి అనడం మర్యాద కొరకే.

మైనం సంగతీ అంతే. బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో కార్నాబా అనే తాటిజాతి చెట్టు ఉన్నది. కరవు కాలంలో నీరు ఆవిరై పోకుండా అది తన ఆకులపై గట్టి మైనాన్ని పొరగా కప్పుకుంటుంది. ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని కరిగిస్తారు. మోటారు బండ్ల మైనపు పాలిష్‌లకు పేరు తెచ్చినది అదే. తేనెమైనం మనకు దగ్గరలోనే దొరుకుతుంది గదా, దానినే పూయరాదా అని ఎవరికైనా తోచవచ్చు. బస్తరు ధోక్రా శిల్పి తేనెమైనాన్ని దారాలుగా తీసి బొమ్మ అల్లుతాడు, నిజమే. కానీ అతనికి మైనం కరిగిపోవడమే కావాలి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెల ఎండలో బిలాస్‌పూర్ రోడ్డుపై నిలిచిన ముదురు రంగు లారీ రేకు ఆ వేడిని అందుకోవడం కష్టమేమీ కాదు. అప్పుడు మెత్తబడిన మైనానికి దారిలోని దుమ్మంతా అంటుకుంటుంది. కార్నాబా కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి.

ఇక బిలాస్‌పూర్ గాలి. ఇందులో మూడు రకాల దుమ్ము ఉన్నది. ఒకటి బొగ్గు దుమ్ము, రెండవది థర్మల్ కేంద్రాల బూడిద. ఈ రెండూ కంటికి కనిపిస్తాయి, నీళ్ళతో పోతాయి. మూడవదే మోసకారి. రైలు చక్రం పట్టాపై ఒరసినప్పుడు, బ్రేకు చక్రాన్ని పట్టినప్పుడు కంటికి ఆనని ఇనుప రజను రాలుతుంది. గూడ్సు బండ్లు రాత్రింబగళ్ళు నడిచే లైను పక్కన లారీని నిలిపితే ఆ రజను రంగుపై వాలుతుంది. మంచుకూ, వానకూ తడిసి తుప్పు పట్టి రంగులో నాటుకుంటుంది. తెల్లని క్యాబిన్‌పై నారింజ రంగు చుక్కలు కనిపించగానే యజమాని రేకే తుప్పు పట్టిందని గుండె బాదుకుంటాడు. తుప్పు పట్టినది రేకు కాదు, పైన వాలిన అతిథి. కొత్త కార్లను రైళ్ళపై పంపే అమెరికాలో ఈ బెడద ఎంత పరిచితమంటే, అక్కడి వారు దానికి రైలు దుమ్మనే పేరు పెట్టారు. అయితే నిర్లక్ష్యం చేస్తే ఆ చుక్క రంగును తొలుచుకుని లోపలికి దిగుతుంది. జపానులో రూపొందిన ఒక రకపు మెత్తని కృత్రిమ బంకమట్టిని తడిపి రేకుపై నెమ్మదిగా జరిపితే ఈ రజను ఊడివస్తుంది. గోటితో గీకడం, గరుకు కాగితంతో రుద్దడం మహాపరాధం.

ఎందుకంటే గీకి పోగొట్టుకోవడానికి అక్కడ ఉన్నదెంత? కర్మాగారంలో వేసిన పూతలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తలవెంట్రుక మందం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఉక్కుకూ, నీటికీ మధ్య ఉన్న గోడ అదొక్కటే. అది పగిలిన చోట నీరూ, గాలీ చేరి ఇనుము తుప్పుగా మారుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపునకు పైగా చోటు ఆక్రమించి, పక్కనున్న మంచి రంగును కూడా పైకి లేపుతుంది. బిలాస్‌పూర్‌లో బయలుదేరిన లారీ రాయపూర్, జగదల్‌పూర్, కొరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం దిగి విశాఖ రేవు చేరిందంటే, బొగ్గు దుమ్ముకు సముద్రపు ఉప్పు గాలి తోడవుతుంది. ఉప్పు తగిలిన తడి తుప్పును మరింత తొందరపెడుతుంది. మైనం చేయగలిగినది ఆ వెంట్రుకవాసి గోడకు పైన ఒక పలుచని మెరుగు దుప్పటి కప్పడమే. ఎండా, దుమ్మూ, ఒరిపిడీ మొదట దానిని అరగదీస్తాయి. రంగు మిగులుతుంది.

మైనం పూసే పని చెప్పడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. బండి నీడలో ఉండాలి, రేకు చల్లబడి ఉండాలి. బట్టలు ఉతికే పొడితో కడగరాదు. అది మురికితోపాటు పాత మైనాన్ని కూడా కడిగేస్తుంది. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో మెత్తని సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించడానికి మంచినీరు ఉంచుకోవాలి. ఒకే బకెట్టులో గుడ్డ ముంచి రుద్దడమంటే బొగ్గు రజనుతో రంగును గీయడమే. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత పలుచని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కుని రేకుపై నిమరాలి. ఒట్టి చేతికి తెలియని గరుకు దానితో స్పష్టంగా తెలుస్తుంది. గరుకు తగిలితే ముందు బంకమట్టి, తరువాతనే మైనం. మైనాన్ని రెండు చేతుల వెడల్పు చోట మాత్రమే, ఎంత పలుచగా వీలైతే అంత పలుచగా పట్టించి, మసకబారగానే మెత్తని పొడిగుడ్డతో తుడిచివేయాలి. మందంగా పూస్తే మెరుపు పెరగదు. మైనం ఖర్చూ, క్లీనరు చేతి నొప్పీ మాత్రం పెరుగుతాయి.

మైనం మన ఎండలో కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. కృత్రిమ పాలిమర్ల సీలెంట్లు అంతకంటే ఎక్కువ కాలం రంగును అంటిపెట్టుకుంటాయి. సిరామిక్ పూతలు ఇంకా మన్నుతాయి, ఖరీదూ దానికి తగినట్లే ఉంటుంది. బొగ్గు మోసే లారీకి మైనమో, సీలెంటో చాలు.

క్లీనర్లకు ఒక పాత అలవాటు ఉన్నది. గుడ్డను డీజిల్‌లోనో, కిరోసిన్‌లోనో ముంచి బండి అంతా తుడిచి నిగనిగలాడిస్తారు. ఆవిరి ఇంజన్ల రోజులలో ఇంజన్లను నూనె తడి నూలుపీచుతో తుడిచేవారు. ఇంజనుకు అది తగినదే కావచ్చు. లారీ రంగుకు మాత్రం ఆ మెరుపు ఒక పూట వైభవమే. సాయంత్రానికి ఆ జిడ్డును దుమ్ము పట్టుకుంటుంది, ఉన్న మైనం కరిగిపోతుంది, ఎనామిల్ మెత్తబడుతుంది.

ఇంతా చేసి మైనం చేరని చోట్లను మరచిన వారే ఎక్కువ. తడి బొగ్గు నిలిచే బాడీ అడుగు, వెల్డింగు అతుకులు, బోల్టుల చుట్టూ, మడ్‌గార్డు లోపలి అంచులు. తుప్పు సాధారణంగా మొదలయ్యేది ఇక్కడే. వీటికి మెరుపు అక్కరలేదు. ప్రైమరూ, అతుకులలో సీలింగ్ పేస్టూ, దిమ్మరించిన తరువాత అడుగును ఊడ్చి ఆరబెట్టే అలవాటూ కావాలి. తలుపు మీది బొమ్మకు పెట్టే శ్రద్ధలో సగం వీటికి పెడితే చాలును.

మళ్ళీ మైనం ఎప్పుడు పూయాలో చెప్పడానికి క్యాలెండరు అవసరం లేదు. జూన్ నెల మధ్యలో తొలకరి చినుకులు పడగానే బాగా కడిగి ఉంచిన బానెట్టు వైపు చూడాలి. నీరు తామరాకు మీది బిందువులవలె గుండ్రంగా నిలిచి జారిపోతే పూత సజీవంగా ఉన్నట్లు. పలకపై ఒలికిన నీరువలె పరచుకుని నిలిచిపోతే, వాన వెలిసిన మరునాడే క్లీనరును పిలిచి రెండు బకెట్లూ బయట పెట్టించాలి.