పురోగతి నివేదిక – ప్రభుత్వ పనులలో గుత్తేదారు బాధ్యత

ప్రభుత్వపు పని ఏది జరుగుతున్నా ఆ స్థలములో ఒక బోర్డు కనిపిస్తుంది. పని పేరు, అంచనా విలువ, ప్రారంభించిన తేదీ, పూర్తి కావలసిన తేదీ, గుత్తేదారు పేరు దాని మీద ఉంటాయి. దారిన పోయేవారు దానిని ఒకసారి చూచి, పూర్తి కావలసిన తేదీ దాటిపోయినదని గమనించి, పెదవి విరచి వెళ్ళిపోతారు. ఆ పని ఎందుకు ఆగినది, ఎంత వరకు వచ్చినది, ఆగిన సంగతి ఎవరు ఎవరికి ఎప్పుడు తెలియజేసినారు అన్న ప్రశ్నలకు జవాబు ఆ బోర్డు మీద ఉండదు. అది గుత్తేదారు సమర్పించే పురోగతి నివేదికలో ఉంటుంది, లేదా ఉండవలెను. మన విద్యార్థులలో పలువురు రేపు సైటు సూపర్‌వైజర్లుగా, గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా, కొందరు గుత్తేదారులుగా కూడా కాగలరు గనుక, ఆ నివేదిక స్వరూపమును ఇక్కడ వివరింపదలచితిని.

ఒప్పందము యొక్క స్వభావము

హైదరాబాదు రాజ్యములో పబ్లిక్ వర్క్స్ శాఖను ‘తామీరాత్’ అనేవారు. మన పెద్దలు నేటికీ గుత్తేదారును ‘ఠేకేదార్’ అనే అంటారు. 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణమునకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూరు సారథ్యము వహించినారు. పేర్లు మారినవి, పాలనలు మారినవి గాని, ప్రజల సొమ్ముతో పని చేయించుటలోని మూల సమస్య మారలేదు. సొమ్ము ఒకరిది, దానిని ఖర్చు చేయు అధికారము మరొకరిది, పని చేయువాడు ఇంకొకడు. ఈ ముగ్గురి మధ్య నమ్మకమును నిలబెట్టేది కాగితము.

మన రాజ్యాంగము 299వ అధికరణము ప్రకారము ప్రభుత్వ ఒప్పందములు రాష్ట్రపతి పేరున గాని గవర్నరు పేరున గాని వ్రాతపూర్వకముగా జరుగవలెను. నోటిమాటకు ఇక్కడ చోటు లేదు. టెండరు వేయునపుడు గుత్తేదారు ధరావతు చెల్లిస్తాడు. టెండరు ఆమోదము పొందిన తరువాత అగ్రిమెంటు మీద సంతకము చేసి, సైటును స్వాధీనము చేసుకొంటాడు. ఆనాటి నుండి అతనికి రెండు బాధ్యతలు కలుగుతాయి. మొదటిది పని చేయుట. రెండవది పని సంగతి ఉన్నది ఉన్నట్లు తెలుపుట. మొదటి దానిని అందరూ ఎరుగుదురు. రెండవ దానిని అనవసరపు తద్దినముగా భావించేవారే ఎక్కువ.

ప్రణాళిక లేనిదే నివేదిక లేదు

‘పని సగమైనది’ అనుటకు మొత్తము పని ఎంత, ఏ నెలలో ఏ భాగము కావలెను అన్న లెక్క ముందే ఉండవలెను. అమెరికాలో హెన్రీ గాంట్ అను ఇంజనీరు గత శతాబ్దపు తొలి దశకములలో ప్రచారములోనికి తెచ్చిన బార్ చార్టు నేటికీ మన శాఖలలో వాడుకలో ఉన్నది. 1957లో డ్యూపాంట్ కంపెనీలో రూపొందిన ‘క్రిటికల్ పాత్ మెథడ్’, 1958లో అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణి పథకము కొరకు తయారు చేసిన ‘పెర్ట్’ పద్ధతి దీనిని మరింత శాస్త్రీయము చేసినవి. ఏ పని ఒకరోజు ఆలస్యమైతే మొత్తము నిర్మాణము ఒకరోజు ఆలస్యమగునో ఈ పద్ధతులు ముందే చూపుతాయి. పునాది గట్టిపడనిదే గోడ లేవదు. గోడకు రంగు ఆలస్యమైనంత మాత్రమున పైకప్పు ఆగదు. ఈ తేడాను తెలిసికొనుటయే ప్రణాళికలోని సారము.

నివేదికలో ఏమి ఉండవలెను?

అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ‘ఫిడిక్’ 1999లో ప్రకటించిన ఒప్పందపు నమూనా ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. నెల ముగిసిన ఏడు రోజులలో గుత్తేదారు నివేదిక పంపవలెను. జరిగిన పని, ఛాయాచిత్రములు, సైటులోని కార్మికుల సంఖ్య, యంత్రముల వివరము, సామగ్రి పరీక్షల ఫలితములు, ప్రమాదముల వివరము, ప్రణాళికకు వాస్తవమునకు గల వ్యత్యాసము, ఆ లోటును పూడ్చుటకు తలపెట్టిన చర్యలు – ఇవన్నీ అందులో ఉండవలెను. చివరి రెండు అంశములే నివేదికకు ప్రాణము. అవి లేని నివేదిక కేవలము డైరీ.

మన శాఖలలో దీనికి పునాది ‘ఎం. బుక్’ అని పిలువబడే కొలతల పుస్తకము. పొడవు, వెడల్పు, లోతు అందులో నమోదగును. పుటలకు అచ్చు సంఖ్యలుంటాయి. ఏ పుటనూ చింపరాదు, ఏ అంకెనూ చెరిపి దిద్దరాదు. తప్పు వ్రాసినచో గీత కొట్టి, ప్రక్కన సంతకము చేయవలెను. క్రింది ఇంజనీరు వ్రాసిన కొలతలను పై ఇంజనీరు సరిచూచిన తరువాతనే బిల్లు కదులుతుంది. దీనికి తోడు అధికారుల ఆదేశములు వ్రాయు సైటు ఆర్డరు పుస్తకము, పని ఏ రోజున ఏ కారణమున ఆగినదో వ్రాయు ఆటంకముల రిజిస్టరు ఉంటాయి.

ఒక ఉదాహరణ

ఒక పాఠశాల భవనమునకు అంచనా 60 లక్షల రూపాయలు, గడువు 12 నెలలు అనుకొందము. ఆరు నెలలు గడచినవి. ప్రణాళిక ప్రకారము 30 లక్షల విలువ గల పని కావలెను. కొలిచి చూడగా 20 లక్షల పనియే అయినది. దానికి గుత్తేదారు చేతి నుండి 26 లక్షలు ఖర్చయినవి. ‘పని సాగుచున్నది’ అని వ్రాస్తే అబద్ధము కాదు. కాని అది ఎవరికీ ఏమీ తెలుపదు. లెక్క చూచినచో, ఇదే వేగమున భవనము పూర్తి అగుటకు 18 నెలలు పట్టును. ఖర్చు 78 లక్షలు దాటవచ్చును. ఆరవ నెలలో ఈ సంగతి తెలిస్తే కూలీలను పెంచవచ్చును, అడ్డంకులను తొలగించవచ్చును. పన్నెండవ నెలలో తెలిస్తే పిల్లలు మరొక సంవత్సరము చెట్టు క్రింద చదువుకొందురు.

మెట్టుగూడ చెప్పే పాఠము

దూరపు ఉదాహరణలు మనకేల? సీతాఫల్‌మండి నుండి కొద్ది దూరము నడిస్తే మెట్టుగూడలో మెట్రో రైలు స్తంభములు కనిపిస్తాయి. హైదరాబాదు మెట్రోకు మొదట ఎంపికైన సంస్థ నిధులు సమకూర్చుకొనలేక పోవుటచే 2009లో ఆ ఒప్పందము రద్దయినది. తిరిగి టెండర్లు పిలిచి, 2010 సెప్టెంబరు 4న లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు చెందిన కంపెనీతో ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. పనిని పర్యవేక్షించి ఉభయులకు నిజము చెప్పుటకు ఒక స్వతంత్ర ఇంజనీరింగు సంస్థ కూడా నియమింపబడినది.

నాగోలు నుండి మెట్టుగూడ వరకు గల సుమారు 8 కిలోమీటర్ల భాగము ముందుగా సిద్ధమైనది. 2014లోనే దాని మీద రైళ్ళు ప్రయోగాత్మకముగా నడిచినవి. 2015 ఉగాదికి ప్రయాణికులను ఎక్కించవలెనని సంకల్పము. అయినను నగరవాసి టిక్కెట్టు కొని రైలెక్కినది 2017 నవంబరు 29న. ఆ ముందు రోజు నాగోలు నుండి మియాపూరు వరకు 30 కిలోమీటర్ల మార్గము ప్రారంభమైనది. మధ్య కాలములో భూముల అప్పగింత, మార్గపు మార్పులపై చర్చలు, రైలు పట్టాలను దాటు చోట్ల అనుమతులు మొదలైన చిక్కులు అనేకము ఎదురైనవి. మూడు మార్గములలో చివరిగా జూబ్లీ బస్ స్టేషను – మహాత్మాగాంధీ బస్ స్టేషను మార్గము 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనది.

దీని నుండి విద్యార్థులు గ్రహింపవలసినది ఒకటి కలదు. స్తంభములు లేచినంత మాత్రమున ప్రయోజనము చేకూరదు. కట్టిన పని వేరు, వాడుకకు వచ్చిన పని వేరు. మంచి నివేదిక ఈ రెండింటిని వేరు చేసి చూపును. జాప్యములో గుత్తేదారు పాలు ఎంత, ప్రభుత్వము పాలు ఎంత అన్నది కూడా ఆ నెల కాగితములు చెప్పవలెనే గాని, ఏండ్ల తరువాతి జ్ఞాపకములు కావు.

పని ముగిసినను బాధ్యత ముగియదు

కాళేశ్వరము పథకములోని మేడిగడ్డ బరాజు 2019 జూన్ 21న ప్రారంభమైనది. 2023 అక్టోబరు 21న దాని ఏడవ బ్లాకులో స్తంభములు క్రుంగినవి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ప్రణాళిక, డిజైను, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ అను నాలుగింటిలోను లోపములున్నవని తెలిపినది. వరద తరువాత చేయవలసిన తనిఖీలు జరుగలేదనియు పేర్కొన్నది. తప్పు ఎవరిదో తేల్చుట ఈ వ్యాసము పని కాదు. కాని వరద వెళ్ళిన ప్రతిసారి దిగువ భాగమును చూచి, చూచినది వ్రాసి, వ్రాసినదానిపై చర్య తీసికొనుట ఎంత అవసరమో ఆ క్రుంగిన స్తంభములు చూపుచున్నవి.

నిజము వ్రాసినవానికి నష్టమా?

నా వద్ద చదివిన ఒక విద్యార్థి ఒక సైటులో సూపర్‌వైజరుగా చేరినాడు. ఒక సాయంత్రము ఇంటికి వచ్చి, ‘సార్, స్లాబు వేయకుండానే వేసినట్లు వ్రాయమంటున్నారు. వ్రాయకపోతే ఉద్యోగము పోతుందేమో’ అని తల వంచుకొని కూర్చున్నాడు. స్లాబు ఎందుకు వేయలేదని అడిగితిని. సిమెంటు శాఖ వారే సరఫరా చేయవలసి ఉండగా పదునెనిమిది రోజులుగా రాలేదట. ‘ఆ ముక్కనే తేదీతో ఆటంకముల రిజిస్టరులో వ్రాసి, ఇంజనీరు గారి సంతకము తీసికో’ అంటిని. భయపడుతూనే వ్రాసినాడు. యజమాని కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదట. గడువు ముగిసి జరిమానా మాట వచ్చినపుడు ఆ ఒక్క పుటయే యజమానిని కాపాడినది. ఆ పదునెనిమిది రోజులకు గడువు పొడిగింపు లభించినది. స్లాబు వేసినట్లు వ్రాసి ఉంటే ఆలస్యమునకు కారణము చూపుటకు అతని చేతిలో ఏమి మిగిలి ఉండేది?

చట్టము కూడా సకాలములో నోరు విప్పిన వానినే ఆదరిస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 55వ సెక్షను ప్రకారము, గడువే ముఖ్యమైన ఒప్పందములో గడువు దాటిన పనిని అంగీకరించువాడు, ఆ సమయముననే నోటీసు ఇవ్వకపోతే, ఆలస్యమునకు నష్టపరిహారము కోరజాలడు. ఇది ప్రభుత్వమునకు హెచ్చరిక. గుత్తేదారుకు హెచ్చరిక ఫిడిక్ నమూనాలో కలదు: అదనపు సమయము గాని సొమ్ము గాని కోరువాడు కారణము తెలిసిన 28 రోజులలో నోటీసు ఇవ్వవలెను, లేనిచో హక్కు పోతుంది.

మన కర్తవ్యము

ఈ కాగితములు అధికారుల బీరువాలకు మాత్రమే చెందినవి కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టము పత్రముల నకళ్ళు కోరుటకే గాక, జరుగుచున్న పనిని స్వయముగా తనిఖీ చేయుటకు, సామగ్రి నమూనాలు తీసికొనుటకు కూడా పౌరునికి హక్కు ఇచ్చినది. మన వీధిలో కాలువ త్రవ్వి వదలివేసినచో, అలిగి కూర్చుండుటకు బదులు దాని కొలతల పుస్తకమును చూపుమని అడుగవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన ఆవరణలో ఎంత చిన్న నిర్మాణము జరిగినను నెలకొక పుట నివేదికను గుత్తేదారు నుండి తీసికొని, నోటీసు బోర్డుపై ఉంచినచో విద్యార్థులకు అంతకు మించిన ప్రయోగశాల ఉండదు.

విద్యార్థులారా! రేపు మీ చేతికి ఒక రిజిస్టరు వస్తుంది. అందులో వ్రాయు అంకె మీద ఒక పైకప్పు నిలబడి ఉండవచ్చును, దాని క్రింద పిల్లలు కూర్చుని ఉండవచ్చును. పని ఆగినచో ఆగినదని, ఏ నాడు ఆగినదో ఆ నాడే వ్రాయండి.