ఫ్రీజర్‌లో రాగి బిస్కెట్ ముద్ద

రాగి బిస్కెట్ల ముద్దను ఒకసారి కలిపి, బిళ్లలుగా ఒత్తి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలా రెండు నెలల పాటు కావలసినప్పుడల్లా నాలుగైదు తీసి కాల్చుకోవచ్చు. కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్లలో రాగులకూ చిత్తూరు బెల్లానికీ కొదవ లేదు. సంగటికి పట్టించిన పిండే దీనికీ సరిపోతుంది. మైదా, చక్కెర, డాల్డా పట్టుకెళ్లి బేకరీలో డబ్బాల కొద్దీ కాల్పించుకోవడం తెలుగు ఊళ్లలో పాత అలవాటు. ఆ డబ్బా సగమయ్యేసరికి బిస్కెట్లు మెత్తబడటమూ పాత సంగతే. కాల్చినవాటికి బదులు కాల్చని ముద్దను దాస్తే ఆ బెడద ఉండదు.

ఈ ముద్దలో నీళ్లు తక్కువ, కొవ్వూ తీపీ ఎక్కువ. అందుకే గడ్డకట్టినా దాని గుణం పెద్దగా మారదు. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగతాది దాదాపు అంతా నీరే. నెయ్యిలో ఆ నీరూ ఉండదు. జారుగా ఉండే కేకు పిండికి ఈ పద్ధతి అంతగా నప్పదు.

100 గ్రాముల రాగిపిండిని సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి పిండిలో వెన్న వేస్తే కరిగి కారిపోతుంది. చల్లారిన రాగిపిండిలో 100 గ్రాముల గోధుమపిండి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, యాలకుల పొడి కలిపి పక్కన పెట్టాలి. 100 గ్రాముల వెన్న గానీ 80 గ్రాముల పేరిన నెయ్యి గానీ తీసుకుని, 90 గ్రాముల బెల్లం పొడితో తెల్లబారేలా గిలక్కొట్టి, అందులో ఈ పిండి వేసి, ముద్ద కట్టేంత మాత్రమే పాలు చిలకరించాలి. బేకింగ్ పౌడర్‌కు బదులు వంటసోడా వేస్తే, అది తడి తగలగానే బెల్లంలోని కాస్త పులుపుతో పని మొదలుపెడుతుంది, ఫ్రీజర్‌కు చేరేలోపే కొంత సత్తువ పోతుంది. బేకింగ్ పౌడర్ చాలావరకు వేడి తగిలేదాకా ఆగుతుంది.

అమెరికాలో 1930ల నాటికే ముద్దను కడ్డీలా చుట్టి, ఐస్‌పెట్టెలో గట్టిపరిచి, చక్రాలుగా కోసి కాల్చేవారు. రాగి ముద్దకు ఆ పద్ధతి అంత కుదరదు. రాగిలో గ్లూటెన్ లేదు కాబట్టి కత్తి పెడితే అంచులు రాలిపోతాయి. పైగా ఇది పొయ్యి వేడికి పెద్దగా పరుచుకోదు, ఉండగా పెడితే ఉండగానే కాలుతుంది. అందుకే ఉసిరికాయంత ఉండలు చేసి, గట్టిపడక ముందే అరచేత్తో వడల్లా ఒత్తేయాలి. పై కొలతకు పాతిక దాకా వస్తాయి. వాటిని పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఫ్రీజర్‌లో రెండు మూడు గంటలు గట్టిపడ్డాక గాలి చొరని డబ్బాలోకి మార్చాలి. మొదటే డబ్బాలో కుక్కితే అన్నీ కలిసి ఒకే గడ్డ అవుతాయి. డబ్బా మీద తేదీ రాయడం మంచిది. కొవ్వు ఇట్టే వాసన పట్టేస్తుంది, ఆదివారం చేపల పక్కన ఉంచకూడదు.

మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు నిలవ ఉంటుంది. ఒంటి తలుపు ఫ్రిజ్ పైఅరలో అంత చల్లదనం అన్నివేళలా నిలవదు, మంచు కూడా పేరుకుంటుంది. అక్కడ నెలలోపే వాడుకోవడం మేలు.

కాల్చేటప్పుడు కరగనివ్వక్కర్లేదు. 170 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో నేరుగా పెట్టి, మామూలుగా పట్టే 12-15 నిమిషాలకు ఇంకో రెండు కలుపుకోవాలి. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నె అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద పళ్లెం పెట్టి, మూత వేసి కాల్చవచ్చు. ఆరేడు బిళ్లల వాయికి ఇదే చాలు, చిన్న వాయి సుఖం అదే. రాగి బిస్కెట్ మొదటే గోధుమరంగు కాబట్టి రంగు చూసి దించితే మోసపోవడం ఖాయం. అంచు వేలికి గట్టిగా తగలాలి, నడుమ కాస్త మెత్తగా ఉన్నా ఫరవాలేదు, చల్లారితే కరకరలాడుతుంది.

పచ్చి ముద్దను పిల్లలు చప్పరించకుండా చూడాలి. రాగిపిండి వేగినా గోధుమపిండి పచ్చిదే, అందులో ఉండగల క్రిములు చలికి చావవు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లగా ఉంటుంది. ఈలోగా బిళ్లలు మెత్తబడినా ఇంకా చల్లగా ఉంటే వెంటనే కాల్చేయాలి. గది వేడికి వచ్చి గంటలు గడిస్తే పారేయడమే.